చలి పొద్దున్న మొండికేసే టాటా ఏస్: పంపు విప్పకముందు హీటర్లు చూడు

ప్రశ్న: అన్నా, మాది చింతపల్లి పక్కన చిన్న ఊరు. 2014 మోడల్ టాటా ఏస్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. రాజ్‌మా, అల్లం, కూరగాయలు వేసుకుని తెల్లవారుజామున నాలుగింటికే నర్సీపట్నం బయల్దేరాలి. డిసెంబరు వచ్చిందంటే చాలు, బండి స్టార్టవ్వదు. సెల్ఫ్ కొడుతూనే ఉంటాను, సైలెన్సర్ నుంచి తెల్ల పొగ గుప్పుగుప్పున వస్తుంది, కానీ అందుకోదు. ఆఖరికి పక్కింటివాళ్లను లేపి తోయించుకుంటున్నాను. స్టార్టయ్యాక కూడా రెండు నిమిషాలు బండంతా ఊగిపోతుంది, తర్వాత మామూలే. పగలు ఎన్నిసార్లు ఆపినా తాళం తిప్పగానే అందుకుంటుంది, ఘాట్ కూడా లోడుతో బాగానే ఎక్కుతుంది. ఘాట్ కింద ఒక మెకానిక్ డీజిల్ పంపు, డీజిల్‌ను ఇంజిన్‌లోకి చిమ్మే నాజిళ్లు మార్చాలన్నాడు. ఇంకొకాయన ఇంజిన్ బోరుకొచ్చింది, అంటే లోపల అరిగిపోయింది అన్నాడు. ఊళ్లోవాళ్లేమో కిరోసిన్ కలపమంటున్నారు. అంత డబ్బు నా దగ్గర లేదు. ఏం చేయమంటావు?

జవాబు: తమ్ముడూ, ముందు ఆ పంపు మీద ఎవరి చెయ్యీ పడనివ్వకు. నువ్వు రాసిన నాలుగు సంగతులు చాలు, ఇది పంపు రోగం కాదని దాదాపు తేల్చి చెప్పడానికి.

సెల్ఫ్ కొడుతున్నంతసేపూ తెల్ల పొగ వస్తోందన్నావు. అంటే డీజిల్ ఇంజిన్ లోపలిదాకా చేరుతోంది, చేరింది మండకుండానే ఆవిరై బయటికి వచ్చేస్తోంది. పంపు పనిచేయకపోతే, పైపుల్లో ఎయిర్ పట్టి ఉంటే, అసలు పొగే రాదు. స్టార్టయ్యాక ఊగుతోందన్నావు. నీ బండికి ఉన్నవి రెండే సిలిండర్లు, అందులో ఒకటి పనిచేస్తూ రెండోది పనిచేయకపోతే బండి అలాగే ఊగుతుంది. రెండు నిమిషాల్లో సర్దుకుంటోంది అంటే కాస్త వేడి తగలగానే ఆ రెండోదీ అందుకుంటోంది. ఇక పగలంతా బాగుంది, లోడుతో ఘాట్ ఎక్కుతోంది. పంపు నిజంగా అరిగిపోతే బండి ఆ లంబసింగి మలుపుల్లో లోడు లాగలేక అక్కడే చెప్పేస్తుంది, పొద్దున్న నాలుగింటికి మాత్రమే చెప్పి ఊరుకోదు.

కాబట్టి డీజిల్ వస్తోంది, వేడి చాలడం లేదు. ఆ వేడి ఎందుకు చాలడం లేదన్నదే మనం వెతకాలి.

డీజిల్ ఇంజిన్‌లో పెట్రోల్ బండిలోలా నిప్పురవ్వ కొట్టే ప్లగ్గు ఉండదని నీకు తెలుసు. గాలిని పిస్టన్ గట్టిగా నొక్కుతుంది, నొక్కిన గాలి వేడెక్కుతుంది, ఆ వేడి గాలిలోకి డీజిల్ చిమ్మితే దానంతటదే అంటుకుంటుంది. సైకిల్‌కి గాలి కొడుతుంటే పంపు కింది భాగం వేడెక్కడం గమనించే ఉంటావు, లోపల జరిగేదీ అదే, కాకపోతే ఇక్కడ గాలిని ఇరవై రెట్ల దాకా నొక్కేస్తుంది కాబట్టి వేడి ఐదారు వందల డిగ్రీలకు పోతుంది. డీజిల్ అంటుకోవడానికి రెండు వందల పైచిలుకు డిగ్రీలు చాలు. మరి ఇంత తేడా ఉండగా చలికి ఎందుకు అందుకోదంటే, చల్లటి ఇనుము ఆ వేడిని పుట్టినదాన్ని పుట్టినట్టే లాగేసుకుంటుంది. సెల్ఫ్ మెల్లగా తిరిగితే ఇంకా ఎక్కువ లాగుతుంది, పైగా రింగుల పక్కనుంచి గాలి జారిపోవడానికి కూడా టైము దొరుకుతుంది.

ఇక్కడ నీ ఇంజిన్ తీరు ఒకటి తెలుసుకోవాలి. మీ ఏస్‌లో ఉన్న 702 సీసీ ఇంజిన్ ఐడీఐ (ఇన్‌డైరెక్ట్ ఇంజెక్షన్) రకం. డీజిల్ నేరుగా పిస్టన్ మీద పడదు, హెడ్డులో, అంటే సిలిండర్ల పై మూతలో ఉన్న ఒక చిన్న గదిలో పడి, అక్కడ అంటుకుని, ఆ మంట కిందికి వస్తుంది. ఆ చిన్న గదికి గోడలు ఎక్కువ, అంటే వేడిని లాగేసుకునే ఇనుము ఎక్కువ. అందుకే ఈ రకం ఇంజిన్లకు ఒక్కో సిలిండర్‌కు ఒక్కో హీటర్ ప్లగ్ పెడతారు. పెన్ను మూతంత లావుండే కడ్డీ అది, దాని కొన ఆ గదిలోకి పొడుచుకుని ఉంటుంది, తాళం ఆన్ చేయగానే కరెంటు అంది కొన ఎర్రగా కాలుతుంది, డీజిల్ తుంపర దాని పక్కనుంచి పోతూ అంటుకుంటుంది. పెద్ద లారీల ఇంజిన్లు డైరెక్ట్ ఇంజెక్షన్ కాబట్టి మన వాతావరణంలో చాలావాటికి ఈ హీటర్ల అవసరం అంతగా పడదు. లారీలు చేసి చేసి అలవాటైన మెకానిక్‌లు హీటర్లను పట్టించుకోకపోవడానికి అదొక కారణం.

అసలు కారణం మాత్రం ఇంకొకటి, దీన్ని కాస్త మనసుపెట్టి చదువు. హీటర్ ప్లగ్ పోయిన ఏస్ విశాఖపట్నంలోనో అనకాపల్లిలోనో ఏళ్లకేళ్లు ఎవరికీ తెలియకుండా తిరిగేస్తుంది, ఎందుకంటే అక్కడ జనవరి పొద్దున్న కూడా ఇంజిన్ గడ్డకట్టేంత చల్లబడదు, ఓ రెండుసార్లు ఎక్కువ సెల్ఫ్ కొడితే అందుకుంటుంది. మీరున్నది సముద్ర మట్టానికి వెయ్యి మీటర్ల దరిదాపుల్లో. డిసెంబరు, జనవరిలో లంబసింగి, చింతపల్లి వైపు పొద్దున్న ఉష్ణోగ్రత ఒంటి అంకెలోకి దిగడం ఏటా ఉండేదే, కొన్ని రోజులు సున్నా దగ్గరికీ పోతుంది. నువ్వు బండి కొన్నది కింద అయితే, అమ్మినవాడికి కూడా హీటర్లు పోయిన సంగతి తెలియకపోయి ఉండొచ్చు. సెకండ్ హ్యాండ్ బండ్లలో హీటర్ వైరు ఊడదీసి, చివర టేపు చుట్టి, అలాగే వదిలేసినవి నేను చూశాను.

ఇంకో సంగతి, నువ్వు బండిని కిందికి తీసుకెళ్లి చూపించేసరికి అది ఘాట్ దిగి వచ్చిన బండి, ఇంజిన్ మంచి వేడి మీద ఉంటుంది. మెకానిక్ తాళం తిప్పితే ఠక్కున స్టార్టవుతుంది. ఆయన కళ్లముందు రోగం కనిపించదు, నువ్వు నోటితో చెప్పింది విని పంపు అన్నాడు, ఇంకొకాయన బోరు అన్నాడు. వాళ్లను తప్పు పట్టడం లేదు, కానీ రోగం ఉన్న చోట, ఉన్న వేళలో చూడకుండా వేలకు వేలు పెట్టే పని ఒప్పుకోవద్దు. ఈ బండి పరీక్ష మీ ఇంటి ముందు, తెల్లారకముందు, రాత్రంతా చలిలో నిలబడ్డాక జరగాలి. అందులో చాలావరకు నువ్వే చేసుకోగలవు. కావలసింది ఒక టెస్ట్ బల్బు (ఒక వైపు క్లిప్పు, ఇంకో వైపు మొన ఉండే బల్బు), వీలైతే మల్టీమీటర్, స్పానర్లు.

మొదట హీటర్‌కు కరెంటు వస్తోందా చూడు. సీటు లేపితే కింద ఇంజిన్ కనిపిస్తుంది కదా, హెడ్డు మీద నాజిళ్ల పక్కనే రెండు హీటర్ ప్లగ్గులు ఉంటాయి, రెండిటి నెత్తినా కలుపుతూ ఒక రేకు పట్టీ గానీ వైరు గానీ ఉంటుంది. టెస్ట్ బల్బు క్లిప్పును ఇంజిన్ బాడీకి, పెయింటు లేని శుభ్రమైన చోట పెట్టి, ఇంకొకరిని తాళం ఆన్ చేయమని, బల్బు మొనను ఆ పట్టీకి తాకించు. ఇది చల్లటి ఇంజిన్ మీదే చేయాలి, వేడి ఇంజిన్ అయితే కొన్ని బండ్లలో కరెంటు అసలు పంపదు. బల్బు వెలిగిందా, కరెంటు వస్తోంది, ఇక ప్లగ్గులు చూడాలి. వెలగలేదా, ప్లగ్గుల జోలికి అప్పుడే పోకు, ఫ్యూజు చూడు, హీటర్లకు కరెంటు కలిపే రిలే చూడు, ఆ వైరు మధ్యలో ఎక్కడైనా కాలిందా తెగిందా చూడు. తాళం ఆన్ చేయగానే రిలే టక్కుమని చప్పుడు చేస్తుంది, చెయ్యి పెడితే తెలుస్తుంది. డాష్‌బోర్డు మీద స్ప్రింగు చుట్టలాంటి గుర్తు వెలిగి ఆరిపోతోంది కదా, హీటర్లు పనిచేస్తున్నట్టే అనుకోకు. ఆ లైటు ఇంత టైము ఆగమని చెబుతుంది అంతే, చాలా పాత బండ్లలో ప్లగ్గులు రెండూ కాలిపోయినా అది అలాగే వెలిగి అలాగే ఆరుతుంది.

కరెంటు వస్తోందని తేలితే ఒక్కో ప్లగ్గును విడివిడిగా చూడాలి. తాళం ఆఫ్ చేసి, ఆ పట్టీ తప్పకుండా విప్పేయాలి, లేకపోతే ఒకటి పోయినా రెండోదాని రీడింగు చూసి రెండూ బాగున్నాయనుకుంటావు. మీటర్‌ను ఓమ్స్‌లో పెట్టి ముందు రెండు వైర్లూ ఒకదానికొకటి తాకించు, చౌక మీటర్లకు వైర్లలోనే సగం ఓమ్ దాకా చూపిస్తుంది, ఆ అంకె గుర్తుపెట్టుకుని తర్వాత తీసేయి. ఇప్పుడు ఒక వైరు ప్లగ్ నెత్తిన, ఇంకోటి ఇంజిన్ బాడీకి. మంచి ప్లగ్గు ఒక ఓమ్ అటూ ఇటూగా చూపిస్తుంది. మీటర్ అసలు కదలకపోతే లోపలి తీగ తెగిపోయిందని అర్థం. ఒకటి బాగుండి రెండోది కదల్లేదనుకో, నీ బండి ఊగడానికి కారణం అక్కడే దొరికేసినట్టు. నాలుగు సిలిండర్ల బండిలో ఒక హీటర్ పోతే మిగతా మూడూ లాక్కొస్తాయి, రెండే ఉన్న దాంట్లో ఒకటి పోతే సగం ఇంజిన్ పోయినట్టే, అందుకే ఏస్‌కు ఈ రోగం ఇంత గట్టిగా తగులుతుంది.

మీటర్ దొరక్కపోతే టెస్ట్ బల్బు క్లిప్పును బ్యాటరీ ప్లస్‌కి పెట్టి, మొనను ప్లగ్ నెత్తిన తాకించు. వెలగకపోతే ప్లగ్గు పోయింది. వెలిగితే తీగ తెగలేదని మాత్రమే తెలుస్తుంది, కొన కాలుతోందో లేదో తెలియదు.

అది తెలియాలంటే ప్లగ్గు బయటికి తీసి చూడాల్సిందే, ఇక్కడ మాత్రం జాగ్రత్త. ఏళ్లుగా కదలని హీటర్ ప్లగ్గు హెడ్డులో తుప్పుతో, మసితో పట్టేసి ఉంటుంది. చల్లటి ఇంజిన్ మీద బలం చూపిస్తే సగానికి విరిగి లోపలే ఉండిపోతుంది, అప్పుడు హెడ్డు దించాలి, వందలతో పోయే పని వేలకు ఎక్కుతుంది. బండి తిరిగొచ్చాక, ఇంజిన్ వెచ్చగా ఉన్నప్పుడు, ప్లగ్గు మొదలు దగ్గర తుప్పు వదిలే ఆయిల్ వేసి కొంతసేపు ఆగి, పొడవాటి బాక్స్ స్పానర్‌తో కొంచెం వదులు, కొంచెం బిగించు, మళ్లీ వదులు, అలా మెల్లగా రప్పించాలి. రానంటే వదిలేయ్, ఇంకోసారి ఆయిల్ వేసి మర్నాడు చూడు. చుట్టూ ఉన్న మట్టిని ముందే బ్రష్‌తో దులుపు, ఆ రంధ్రంలో నుంచి ఏం పడినా నేరుగా ఇంజిన్‌లోకే.

తీసిన ప్లగ్గును పొడవాటి పట్టకారుతో పట్టుకుని, దాని బాడీకి బ్యాటరీ మైనస్ నుంచి లావుపాటి వైరు, నెత్తికి ప్లస్ నుంచి వైరు. బ్యాటరీ వైపు ముందే గట్టిగా పెట్టేసి, ఆఖరి తాకింపు ప్లగ్గు దగ్గర చెయ్యి, బ్యాటరీ మీద నిప్పురవ్వ లేవకూడదు, దాని పైన ఉండే గ్యాస్ అంటుకుంటుంది. మంచి ప్లగ్గు ఐదు పది సెకన్లలో కొన నుంచి మొదలై ఎర్రబడుతుంది. కొన నల్లగానే ఉండి నడుము ఎర్రబడినా, చాలాసేపటికి గానీ ఎర్రబడకపోయినా అది చలికి పనికిరాదు. పది సెకన్లు దాటించకు, ఎర్రబడగానే తీసెయ్, చాలాసేపటిదాకా చేత్తో ముట్టుకోకు.

ఆ కొనను కళ్లతో కూడా బాగా చూడు. మసి పట్టి ఉంటే పరవాలేదు. కొన ఉబ్బినా, కరిగినట్టు ఉన్నా, పగిలినా మాత్రం దాన్ని మార్చి ఊరుకుంటే సరిపోదు, ఆ సిలిండర్ నాజిల్ డీజిల్‌ను తుంపరగా కొట్టకుండా ధారగా కారుస్తోందేమో అనుమానించాలి. అప్పుడు ఆ నాజిల్ ఒక్కటీ విప్పి పంపు షాపులో టెస్టర్ మీద కొట్టించి చూస్తే తుంపర ఎలా పడుతోందో నీ కళ్లముందే కనిపిస్తుంది. నాజిల్ చూడడం వేరు, పంపు మార్చడం వేరు, ఒకటి అవసరమైందని రెండోదానికి ఒప్పుకోకు.

మార్చేటప్పుడు రెండు ప్లగ్గులూ ఒకేసారి, ఒకే కంపెనీవి వెయ్యి. పాతది షాపుకు పట్టుకెళ్లి పొడవు, మర, వోల్టులు పోల్చి తీసుకో. పొడవు ఎక్కువైతే లోపల తగులుతుంది, తక్కువైతే కొన తుంపరదాకా చేరదు. బిగించేటప్పుడు చేత్తో చివరిదాకా తిప్పి, ఆ తర్వాత స్పానర్‌తో కొంచెం అంతే.

ఇక బ్యాటరీ. హీటర్ల తర్వాత నా అనుమానం దీని మీదే, చాలాసార్లు రెండూ కలిసే ఉంటాయి, ఎందుకంటే హీటర్ పోయిన బండికి రోజూ ఐదు నిమిషాలు సెల్ఫ్ కొట్టి కొట్టి బ్యాటరీని మనమే చంపేస్తాం. చలికి బ్యాటరీ బలం తగ్గుతుంది, అదే చలికి ఇంజిన్ ఆయిల్ చిక్కబడి తిప్పడానికి ఎక్కువ బలం కావాల్సి వస్తుంది. రాత్రంతా నిలబడ్డ బ్యాటరీ పొద్దున్న, ఏమీ ఆన్ చేయకముందు, 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉంది. 12.2 అంటే సగమే. 12 కిందికి పోతే ఆ బ్యాటరీతో మీ ఊరి చలికి నెగ్గలేవు. సెల్ఫ్ కొడుతున్నప్పుడు పదికి దిగువకు పడిపోతుంటే బ్యాటరీ బలహీనంగా ఉండాలి, లేదా సెల్ఫ్ మోటార్ లోపల పట్టేస్తూ ఎక్కువ లాగుతూ ఉండాలి.

బ్యాటరీ కొత్తదైనా వైర్లు చూడు. టెర్మినళ్ల మీద తెల్లటి, పచ్చటి పొడి పట్టి ఉంటే వేడి నీళ్లతో కడిగి, గరుకు కాగితంతో రుద్ది, బిగించి, పైన కొంచెం గ్రీజు లేదా వాజిలైన్ రాయి. అందరూ మరిచిపోయేది ఇంజిన్‌కూ చాసిస్‌కూ మధ్య ఉండే ఎర్త్ వైరు. మీటర్ ఒక మొన బ్యాటరీ మైనస్ పోస్టు మీద, ఇంకోటి ఇంజిన్ ఇనుము మీద పెట్టి సెల్ఫ్ కొట్టించు. అర వోల్టు కంటే ఎక్కువ చూపిస్తే ఆ దారిలో ఎక్కడో తుప్పు ఉంది. ఈ ఎర్త్ బాగోకపోతే సెల్ఫ్ మెల్లగా తిరగడమే కాదు, హీటర్లూ సరిగ్గా ఎర్రబడవు, ఎందుకంటే వాటికి ఎర్త్ కూడా ఇంజిన్ బాడీ నుంచే. మీటర్ లేకుండా తేల్చుకోవాలంటే పొద్దున్న ఇంకో బండి బ్యాటరీ నుంచి జంపర్ వైర్లతో ప్రయత్నించు. ఠపీమని అందుకుంటే నీ బ్యాటరీ సంగతి చూసుకోవాలి. బలంగా తిప్పినా తెల్ల పొగే వస్తే మళ్లీ హీటర్ల దగ్గరికే రా.

ఎయిర్ గురించి ఎక్కువ చెప్పను, నీ బండి తెల్ల పొగ కొడుతోంది కాబట్టి. అయినా ఖర్చు లేని పరీక్ష ఒకటి ఉంది, మీ ఊళ్లో పల్లానికి కొదవలేదు కదా, ఒక రాత్రి బండి ముక్కు పల్లం వైపు, ఇంకో రాత్రి ఎత్తు వైపు పెట్టి చూడు, చక్రాలకు రాళ్లు పెట్టడం మరిచిపోకు. పల్లం వైపు పెట్టినప్పుడు స్పష్టంగా తేలిగ్గా స్టార్టయితే, రాత్రి పూట డీజిల్ వెనక్కి ట్యాంకులోకి జారిపోతోందని అర్థం, పైపు జాయింట్లు, క్లిప్పులు, ఫిల్టర్ వాషర్లు చూసుకోవాలి. ఫిల్టర్ ఎప్పుడు మార్చారో నీకు తెలియకపోతే మార్చేయ్, కింద నీళ్లు దించే స్క్రూ ఉంటే అప్పుడప్పుడు దించు. సాయంత్రమే ట్యాంకు నింపుకునే అలవాటు చేసుకుంటే ఖాళీ ట్యాంకులో మంచు నీరు పట్టడం తగ్గుతుంది.

బోరుకొచ్చిందన్న మాట గురించి కూడా చెప్పాలి, దానికి నువ్వు భయపడ్డావని ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది. ఇంజిన్ నిజంగా అరిగితే చలికి స్టార్టవ్వకపోవడం నిజమే. కానీ దానికి వేరే గుర్తులు తోడుండాలి. ఇంజిన్ ఆయిల్ తరుచూ పోయాల్సి రావడం, లోడు మీద నీలం పొగ, ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీస్తే బుసబుసా పొగ తన్నడం, ఘాట్‌లో లాగలేకపోవడం. నువ్వు రాసినదాంట్లో ఇవేవీ లేవు. హీటర్లు, బ్యాటరీ బాగు చేశాక కూడా మొండికేస్తే అప్పుడు హీటర్ రంధ్రంలోంచే కంప్రెషన్ గేజ్ పెట్టి చూడమను, డీజిల్ ఇంజిన్లకు వేరే గేజ్ ఉంటుంది, పెట్రోల్ బండిది పనికిరాదు. ఈ రకం ఇంజిన్ బాగుంటే పాతిక బార్‌కు పైన చూపించాలి. ఇరవైకి దిగువకు పోయినా, రెండు సిలిండర్లకూ మధ్య బాగా తేడా ఉన్నా అప్పుడు ఇంజిన్ పని మాట ఆలోచిద్దాం. అంకె చూడకుండా బోరు మాట ఎవరన్నా నమ్మకు.

ఇప్పుడు చేయకూడనివి, వీటి గురించి నాకు నిజంగా టెన్షన్‌గా ఉంది.

కిరోసిన్ కలపొద్దు. పంపు లోపల ఒకదాన్నొకటి రాసుకుంటూ తిరిగే భాగాలకు డీజిలే నూనె, కిరోసిన్‌లో ఆ జిగురు తక్కువ, ఇప్పుడు బాగున్న పంపును ఆ మెకానిక్ చెప్పిన స్థితికి నువ్వే తీసుకెళ్తావు. పైగా కిరోసిన్ డీజిల్ కంటే తేలిగ్గా అంటుకునేది కూడా కాదు, ఈ ఇంజిన్‌కు కావలసిన గుణం అందులో తక్కువే. రేషన్ కిరోసిన్ బండ్లో పోయడం నేరం కూడా. చలికి డీజిల్‌లో మైనం పేరుకుంటుందన్న మాట నిజమే, మన దేశంలో చలికాలం డీజిల్‌కు ఫిల్టర్ మూసుకుపోని హద్దు ఆరు డిగ్రీల దగ్గర, ఎండాకాలం డీజిల్‌కు పద్దెనిమిది దగ్గర పెట్టారు. లడఖ్ లాంటి చోట్లకైతే 2019లో మైనస్ 33 డిగ్రీల దాకా పారే ప్రత్యేక డీజిల్ తీసుకొచ్చారు. కానీ మైనం పట్టిన బండి లక్షణం వేరు, ముందు స్టార్టయి కొద్ది దూరం పోయాక డీజిల్ అందక ఆగిపోతుంది. నీది స్టార్టయ్యాక బాగుపడుతోంది. చలికాలంలో నెలల తరబడి నిల్వ ఉన్న డబ్బా డీజిల్ వాడకుండా, బంకులో కొత్తది పోయించుకుంటే నీకు ఆ బాధ తగ్గుతుంది.

ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే ఛాంబర్ కింద మంట పెట్టడం కొన్నిచోట్ల అలవాటు. డీజిల్ పైపులు, వైర్లు, కారిన ఆయిల్ అన్నీ అక్కడే ఉంటాయి, వద్దు. పంపు మీద, హెడ్డు మీద మరిగే నీళ్లు పోయడమూ వద్దు, చల్లటి ఇనుము మీద ఒక్కసారిగా వేడి పడితే పగుళ్లు వస్తాయి. గాలి గొట్టంలో కొట్టే స్టార్టింగ్ స్ప్రే హీటర్లున్న ఇంజిన్‌కు అసలు కొట్టకూడదు, ఎర్రగా కాలుతున్న కొనకు తగిలి పిస్టన్ పైకి రాకముందే పేలుతుంది, పిస్టన్లు విరుగుతాయి.

నువ్వు తోయించుకుంటున్నావు కదా, పల్లంలో వదిలి గేరు వేసి స్టార్ట్ చేసే అలవాటు కూడా ఉండే ఉంటుంది. చీకట్లో, మంచులో, లోడుతో ఉన్న బండిని ఇంజిన్ లేకుండా పల్లంలోకి వదలకు తమ్ముడూ. ఇంజిన్ తిరగకపోతే బ్రేకు బూస్టర్‌కు వాక్యూమ్ ఉండదు, పెడల్ రాయిలా అయిపోతుంది, ఆ ఘాట్‌లో అది ప్రాణం మీదకు వస్తుంది.

హీటర్లు మార్చేదాకా పొద్దున్న ఇలా చెయ్యి. తాళం ఆన్ చేసి హీటర్ లైటు ఆరేదాకా ఆగు, తాళం ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేసి ఇంకోసారి ఆరనివ్వు, అప్పుడు క్లచ్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టు, గేరుబాక్సులో చిక్కబడ్డ ఆయిల్ బరువు సెల్ఫ్ మీద పడదు. లైట్లు, పాటలు అన్నీ ఆఫ్‌లో ఉండాలి. పది సెకన్ల కంటే ఎక్కువ కొట్టకు, అందుకోకపోతే అర నిమిషం పైనే ఆగి, మళ్లీ హీటర్ నుంచి మొదలుపెట్టు. స్టార్టవగానే రేజ్ చేయకు, ఊగినా ఐడిల్‌కు కొంచెం పైన ఉంచి, సర్దుకున్నాక కదులు. ఆయిల్ మార్పు దగ్గర పడితే 15డబ్ల్యూ40 పోయించు, 20డబ్ల్యూ50 లాంటి చిక్కటి ఆయిల్ పోసి ఉంటే మీ చలికి అదీ సెల్ఫ్ మీద బరువే.

ఇదే బాధ ఉన్న ఆదిలాబాద్, ఆసిఫాబాద్, అరకు వైపువాళ్లు ఇది చదువుతుంటే ఒక హెచ్చరిక. మీది కామన్ రైల్ ఇంజిన్ (కంప్యూటర్ అదుపులో, రైల్ అనే ఒకే పైపు నుంచి అన్ని సిలిండర్లకూ ఎక్కువ ప్రెజర్‌తో డీజిల్ అందేది) అయితే హీటర్ ప్లగ్గుకు బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇచ్చే పరీక్ష చేయకండి, వాటిలో చాలా ప్లగ్గులు ఐదు వోల్టుల దరిదాపువి, పన్నెండు ఇస్తే అక్కడికక్కడే కాలిపోతాయి. డీజిల్ పైపు నట్టు వదిలి చూడడం అసలే వద్దు, అందులోని ప్రెజర్‌కు డీజిల్ చర్మం చీల్చుకుని ఒంట్లోకి పోతుంది. ఆ బండ్లలో సెల్ఫ్ తిప్పుతున్నప్పుడు రైల్ ప్రెజర్ చాలినంత లేవకపోతే కంప్యూటర్ డీజిల్ కొట్టనే కొట్టదు, కాబట్టి స్కానర్ పెట్టి ఆ ప్రెజర్ చూడమనండి, తక్కువుంటే ఇంజెక్టర్ల నుంచి వెనక్కి ఎంత కారుతోందో కొలిపించండి.

తమ్ముడూ, నువ్వు ఈ ఆదివారం బండి ఖాళీగా ఉన్నప్పుడు టెస్ట్ బల్బుతో మొదలుపెట్టు. ప్లగ్గుల రీడింగులు రెండూ, పొద్దున్న బ్యాటరీ వోల్టులు, సెల్ఫ్ కొట్టేటప్పటి వోల్టులు ఒక కాగితం మీద రాసి నాకు పంపు. ప్లగ్గులు రెండూ బాగున్నాయని తేలితే ఆ తర్వాత నాజిళ్లు చూపించాలా, కంప్రెషన్ చూపించాలా అన్నది ఆ అంకెలు చూసి చెబుతాను, అప్పటిదాకా పంపుకు అడ్వాన్స్ మాత్రం ఇవ్వకు.